దస్తర్‌ఖాన్ నుండి లేవకుండానే

మన ఇళ్ళలో ‘పరహేజ్’ అనే మాట వినగానే ముఖాలు వాడిపోతాయి. హాని చేసే దాని నుండి జాగ్రత్తగా తొలగి ఉండడమే ఆ మాటకు అర్థం. కాని వాడుకలో దానికి ఇంకొక రూపం ఏర్పడింది. ఉప్పు తగలని పప్పు, పోపు పెట్టని కూర, మూలగా విడిగా ఉంచిన చిన్న గిన్నె. ఇంటిల్లిపాదీ దస్తర్‌ఖాన్ చుట్టూ చేరి బగారా అన్నం, దాల్చా తింటూ ఉంటే, గుండెజబ్బు వచ్చిన పెద్దమనిషి ఒక పక్కన కూర్చొని రెండు పుల్కాలు నములుతూ ఉంటాడు. అలాంటి పరహేజ్ నెలా రెండు నెలలకు మించి నిలిచిన ఇంటిని మేము అరుదుగా చూశాము. మూడవ నెలలో ఎవరి వలీమాకో వెళ్ళి, రెండు నెలల కొరతనూ ఒక్క పూటలో తీర్చుకొని వస్తారు.

హదీసు పాఠంలో ‘తిబ్’ అధ్యాయానికి వచ్చినప్పుడు మేము విద్యార్థులను కాసేపు ఆపి వివరించే ఉల్లేఖనం ఒకటి ఉంది. ఉమ్మె ముంజిర్ అన్సారియా (రజి) అనే సహాబియా వినిపించిన సంఘటన అది. అబూ దావూద్, తిర్మిజీ, ఇబ్నె మాజా సంకలనాలు మూడింటిలోనూ ఉంది. దైవప్రవక్త (స) ఆమె ఇంటికి విచ్చేశారు. వెంట హజ్రత్ అలీ (రజి) ఉన్నారు. ఆయన అప్పుడే జబ్బు నుండి కోలుకుంటున్నారు. ఇంట్లో ఖర్జూరపు గెలలు వేలాడుతున్నాయి. దైవప్రవక్త (స) వాటి నుండి తినసాగారు. అలీ (రజి) కూడా చేయి చాపారు. నీవింకా బలహీనంగా ఉన్నావని దైవప్రవక్త (స) ఆయనను వారించారు. అలీ (రజి) ఆగిపోయారు. ఆ గృహిణి అది చూసి బార్లీ, ఆకుకూర కలిపి వండి తెచ్చారు. అప్పుడు దైవప్రవక్త (స) అలీ (రజి)ని పిలిచి, ఇది తిను, ఇది నీకు ఎక్కువ అనుకూలమని సెలవిచ్చారు.

ఈ ఉల్లేఖనంలో మొదటి సగం మన ఇళ్ళలో అందరికీ తెలుసు. అబ్బాజాన్ చేతి నుండి పళ్ళెం లాగేసుకోవడం మనకు బాగానే వచ్చు. ఆ గృహిణి లేచి పొయ్యి మీద వేరొక వంటకం పెట్టడం, దానిని అందరి ఎదుటా గౌరవంగా రోగికి అందించడం అనే రెండవ సగమే మరుగున పడిపోయింది. నిషేధం వెంటనే ప్రత్యామ్నాయం వచ్చింది. అదీ అదే కూర్పులో, అదే దస్తర్‌ఖాన్ మీద.

ఈ పాఠం మా ఇంటికే వస్తుందని మేము తలచలేదు. మా యాభై మూడవ ఏట, అసర్ తరువాతి పాఠం చెబుతూ ఉండగా ఛాతీ నడుమ ఎవరో రాయి పెట్టినట్లయింది. బరువు ఎడమ భుజానికీ దవడకూ పాకింది, చెమటలు పోశాయి. పెద్ద తరగతి పిల్లలు ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకువెళ్ళారు. సిద్దిపేటలో ఇ.సి.జి. తీసి, ప్రథమ చికిత్స చేసి హైదరాబాదుకు పంపారు. గుండెకు రక్తం చేరవేసే ఒక ధమని మూసుకుపోయిందని యాంజియోగ్రాంలో తేలింది. స్టెంటు వేశారు. అల్లాహ్ దయతో మళ్ళీ పాఠాలు చెబుతున్నాము. అలాంటి నొప్పిని ‘గ్యాస్’ అని సోడా తాగి పడుకునేవారు మన బస్తీలలో ఇంకా ఉన్నారు కనుక ఈ మాత్రం చెప్పాము. అప్పుడు చేయవలసింది 108కి ఫోన్ చేయడం, అంతే.

యాభై మూడు ఏమంత వయసని పరామర్శకు వచ్చినవారు అనేవారు. 52 దేశాలలో జరిగిన ‘ఇంటర్‌హార్ట్’ అనే పరిశోధన నుండి మన దక్షిణాసియా ప్రజల లెక్కలు వేరు చేసి 2007లో ప్రచురించారు. మొదటిసారి గుండెపోటు వచ్చిన మనవారి సగటు వయసు అందులో సరిగ్గా 53. ఇతర ప్రాంతాలవారికి అది 59కి దగ్గరగా ఉంది. ప్రతిరోజూ పండ్లు, కూరగాయలు తినే అలవాటు మనవారిలో తక్కువగా ఉండడం కూడా అందులో బయటపడింది. మాంసం ఉన్న రోజు కూరగాయ అక్కరలేదనుకునే మన ఇళ్ళకు ఇది బాగా తగిలే మాట.

ఆసుపత్రి నుండి వచ్చేటప్పుడు ఒక అచ్చు కాగితం ఇచ్చారు. తినదగినవి ఒక పక్క, తినరానివి ఒక పక్క. తినదగిన వాటిలో సాల్మన్ చేప, అవకాడో, ఆలివ్ నూనె ఉన్నాయి. సిద్దిపేట రైతు బజారులో తోటకూర దొరుకుతుంది, సొరకాయ దొరుకుతుంది, చేపల అంగళ్ళలో రవ్వ, బొచ్చె, కొర్రమీను దొరుకుతాయి. సాల్మన్ కోసం ఎవరిని అడగాలో మాకు తెలియలేదు. తినరానివాటి పక్కన మా వంటింట్లో ఉన్నవన్నీ ఉన్నాయి. ఆ కాగితాన్ని మా శ్రీమతి రెండుసార్లు చదివించుకొని మడిచి అల్మారాలో పెట్టారు.

తరువాత చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు ఒక యువ వైద్యురాలు మమ్మల్ని వదిలి మా శ్రీమతిని అడిగారు.

“అమ్మా, మీ ఇంట్లో నెలకు ఎన్ని లీటర్ల నూనె అవుతుంది?”

“ఏడు. పండుగ వస్తే ఎనిమిది.”

“ఎంతమంది ఉంటారు?”

“అయిదుగురం.”

వైద్యురాలు కాగితం మీద లెక్క వేసి చూపించారు. ఏడు లీటర్లు అయిదుగురికి ముప్పై రోజులు పంచితే మనిషికి రోజుకు నలభై గ్రాములు దాటుతుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన మార్గదర్శకాలలో, రోజుకు రెండు వేల కేలరీలు తినేవారికి నూనె, నెయ్యి అన్నీ కలిపి 27 గ్రాములు చాలని ఉంది. ఆ లెక్కన మా ఇంటికి నెలకు నాలుగున్నర లీటర్లు. ఏది తినాలి, ఏది తినకూడదు అన్న జాబితా కంటే ఈ ఒక్క సంఖ్య మా ఇంటికి ఎక్కువ పనికి వచ్చింది. ఆ నెల నుండి ఒకటవ తేదీన నాలుగున్నర లీటర్లు తెచ్చి పెట్టడం, అది ముప్పైయవ తేదీ దాకా రావాలనడం ఇంటి నియమమైంది. పూరీలు కావాలంటే చేసుకోవచ్చు, ఆ నూనె ఎక్కడ మిగిల్చాలో ముందే చూసుకోవాలి. ఇంటి ఆడపిల్లలకు ఇదొక ఆటలాగా అయింది. ఇరవయ్యవ తేదీకి సీసాలో ఎంత ఉందో మాకంటే వారికే బాగా తెలుసు.

ఇంత అని తెలిసిన తరువాత ఏ నూనె అన్న ప్రశ్న వచ్చింది. ఆలివ్ చెట్టును దివ్య ఖుర్ఆన్ శుభప్రదమైన వృక్షంగా పేర్కొన్నది. ఆ నూనె మేలైనదే, సందేహం లేదు. అయితే దాని ధరను మోయలేని ఇల్లు మేలుకు దూరమైనట్లు కాదు. మన పల్లినూనె, నువ్వులనూనె, పొద్దుతిరుగుడు నూనెలలో గుండెకు హాని చేసే సంతృప్త కొవ్వు తక్కువ. పామాయిల్‌లో దాదాపు సగం ఆ కొవ్వే ఉంటుంది. మా జిల్లాలోనే ఇటీవలి సంవత్సరాలలో ఆయిల్‌పామ్ తోటలు విరివిగా వేస్తున్నారు. రైతుకు లాభం కలగాలని కోరుకుంటాము, వంటకు మాత్రం పల్లినూనెనే కోరుకుంటాము. మన పెద్దల కాలం నుండి ‘డాల్డా’ అని పిలుచుకుంటున్న వనస్పతి సంగతి వేరు. గట్టిపరచిన నూనెలలో ఏర్పడే ట్రాన్స్ కొవ్వు చెడ్డ కొలెస్ట్రాల్‌ను పెంచుతుంది, మంచిదానిని తగ్గిస్తుంది. 2022 జనవరి నుండి మన దేశంలో నూనెలు, కొవ్వులలో అది నూటికి రెండు పాళ్ళు మించరాదని నియమం వచ్చింది. నియమం ఎంత మంచిదైనా, మిర్చీలు వేయించిన నూనెనే మరునాడు, ఆ మరునాడు మళ్ళీ మరిగించే బండి దగ్గర అది మనకు అక్కరకు రాదు.

ఇక రుచి మాట. నూనె తగ్గితే రుచి పోతుందని మా మద్రసా బావర్చీ ఖాయంగా నమ్మేవాడు.

“నూనె తక్కువైతే మసాలా అడుగంటుతది మౌలానా సాబ్. అడుగంటితే పిల్లలు నన్నే అంటరు.”

అతను చెప్పింది అబద్ధం కాదు. అల్లంవెల్లుల్లి, ఉల్లిగడ్డ నూనెలో వేగకపోతే పచ్చివాసన పోదు. మా శ్రీమతి దీనికి ఒక ఉపాయం పట్టారు. ఉల్లిగడ్డను కొద్ది నూనెలో వేసి మూతపెట్టి సన్నని మంట మీద మగ్గనివ్వడం, అడుగంటబోతున్నప్పుడు నూనెకు బదులు చెంచాడు నీళ్ళు చల్లడం. సమయం ఎక్కువ పడుతుంది, అంతే. ఉప్పు తగ్గించిన చోట చింతపండు పులుపు, నిమ్మరసం, వేయించి నూరిన జీలకర్ర, చివరలో గుప్పెడు పుదీనా, కొత్తిమీర వచ్చి నిలబడతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన పరిమితి మనిషికి రోజుకు అయిదు గ్రాముల లోపు ఉప్పు, అంటే ఒక చిన్న చెంచా. ఒక పెద్ద ఊరగాయ ముక్క, రెండు అప్పడాలతో అందులో చాలా భాగం కరిగిపోతుంది. కూరలో ఉప్పు తగ్గించి ఊరగాయ జాడీని దస్తర్‌ఖాన్ మీదనే ఉంచుకునే ఇళ్ళు ఈ సంగతి గమనించాలి. అంగళ్ళలో అమ్మే తక్కువ సోడియం ఉప్పులో పొటాషియం కలుపుతారు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, కొన్ని రకాల రక్తపోటు మాత్రలు వాడేవారు వైద్యుని అడగకుండా దానిని ముట్టరాదు.

మాంసం మానలేదు. ఇది విని కొందరు ఆశ్చర్యపోతారు. వారానికి నాలుగుసార్లు ఉండేది ఒకసారి అయింది, ముక్కలు చిన్నవయ్యాయి, వాటితోపాటు కూరగాయ తప్పనిసరి అయింది. భేజా, పాయా, గుర్దా మా ఇంటికి రావడం మానేశాయి. నిహారీ మీద తేలే ఎర్రని తర్రీని మన ప్రాంతంలో గౌరవ చిహ్నంగా భావిస్తారు. మా బావర్చీ కూడా ఉస్తాదుల గిన్నెలలో పైన తేలిన తర్రీని గరిటెతో ఏరి మరీ వేసేవాడు, పిల్లలకు కిందిది. ఇప్పుడు అతనికి నచ్చజెప్పి ఆ వరుస మార్పించాము. పిల్లలకు కూడా పైది వేయవద్దని, తీసి పక్కన పెట్టమని చెప్పాము. పారబోయడానికి అతనికి ప్రాణం ఒప్పలేదు. మరుసటి సారి నూనె పోసేటప్పుడే చేయి వెనక్కి తీశాడు.

చేప పెరిగింది. పెనం మీద రెండు చెంచాల నూనెతో కాల్చిన రవ్వ ముక్క, జొన్నరొట్టె, పచ్చిపులుసు, ఇంతకంటే పథ్యంగా ఉండి ఇంతకంటే కమ్మగా ఉండే భోజనం మాకు తెలియదు. జొన్నరొట్టె మా పల్లెలకు కొత్తది కాదు. తెల్లబియ్యం చవకై, రొట్టె కొట్టే చేతులు కరువై అది వెనక్కి పోయింది. బార్లీని మనవారు మూత్రంలో మంట ఉన్నప్పుడు మాత్రమే కిరాణా కొట్టులో అడుగుతారు. అందులో ఉండే బీటా గ్లూకాన్ అనే పీచు రోజుకు మూడు గ్రాముల దాకా అందితే చెడ్డ కొలెస్ట్రాల్ తగ్గుతుందని పరిశోధనలు నిరూపించాయి. ఉమ్మె ముంజిర్ (రజి) గిన్నెలోకి బార్లీ ఏ లెక్కతో వచ్చిందో ఊహించే సాహసం మేము చేయము. హదీసును నేటి ప్రయోగశాలకు సాక్షిగా నిలబెట్టే ఉత్సాహం మాకు లేదు. ఆ గింజ మన ఇంట్లో కూడా ఉండవచ్చని మాత్రం అంటున్నాము.

మా వృత్తిలో అసలు కష్టం ఇంటి దస్తర్‌ఖాన్ వద్ద లేదు, ఇతరుల ఇళ్ళలో ఉంది. నికాహ్, అఖీఖా, కొత్త ఇంట్లో దుఆ, రమజాన్ ఇఫ్తార్, ఇలా మద్రసా ఉస్తాదుకు నెలలో పది పిలుపులు తప్పవు. ఆహ్వానాన్ని స్వీకరించడం సున్నత్. పెట్టినదానికి వంక పెట్టకపోవడమూ సున్నతే. దైవప్రవక్త (స) ఎన్నడూ ఏ ఆహారాన్నీ తప్పుపట్టలేదని, ఇష్టమైతే తినేవారని, లేకపోతే వదిలేసేవారని అబూ హురైరా (రజి) తెలిపారు. వదిలేసేవారు అన్న మాట కూడా అందులో ఉందని ఆతిథ్యం ఇచ్చేవారు గుర్తుంచుకుంటే బాగుండును.

ఒక పూర్వ విద్యార్థి ఇంట్లో అఖీఖా. అతని తల్లి స్వయంగా వండారు. బిర్యానీ, తల్లా గోష్త్, డబుల్ కా మీఠా. మేము ఒక గరిటె బిర్యానీ, పెరుగు చట్నీ, కీరా ముక్కలు తీసుకున్నాము. పరదా వెనుక నుండి ఆమె కంఠం వినిపించింది.

“ఉస్తాదే తినకపోతే మా ఇంట్ల బర్కత్ ఎట్లొస్తది? నా చేతి వంట బాగలేదా మౌలానా సాబ్?”

“ఆపా, వంట చాలా బాగుంది. హకీం గారు మా గిన్నెను చిన్నది చేశారు. చిన్న గిన్నెలోకి కూడా బర్కత్ వస్తుంది.”

ఆమె సమాధానపడలేదు. మాటలలో నొప్పి ఉండిపోయింది. ఇంటికి వచ్చి మా శ్రీమతితో చెప్పాము. ఆమె ఫోన్ చేసి, మాకు ఏమి జరిగిందో, ఇంట్లో ఎలా వండుతున్నామో వివరించారు. ఆడవారి మధ్య ఆ సంభాషణ గంటసేపు సాగింది. ఆ ఇంటివారిలో కూడా ఒకరికి రక్తపోటు ఉన్నట్లు అప్పుడు బయటపడింది. రెండు నెలల తరువాత మళ్ళీ పిలిచినప్పుడు ఆ ఆపా గోంగూర వేసి కొద్ది మాంసంతో కూర, జొన్నరొట్టెలు చేయించారు. అందరికీ అదే. ఆ రోజు మేము కడుపులో మూడవ వంతు ఖాళీగా ఉంచుకోవడానికి కొంత ప్రయాస పడవలసి వచ్చింది.

ఇప్పుడు పిలుపు రాగానే మా ఇంటి నుండి ఆ ఇంటి ఆడవారికి ముందే ఒక మాట వెళుతుంది. దస్తర్‌ఖాన్ మీద అందరి ముందు వద్దనడం కంటే ముందు రోజు చెప్పడంలో మర్యాద ఉంది. మరొక మనవి. ఆతిథ్యంలో బలవంతం చేయడాన్ని ప్రేమగా ఎంచే అలవాటు మనకు ఉంది. “ఇంకొక్క ముక్క, నా మీద ఒట్టు” అని పళ్ళెంలో వేసేవారు, ఆ ఎదుటి మనిషి జేబులో ఏ మాత్రలు ఉన్నాయో ఎరుగరు.

మాత్రల ప్రస్తావన వచ్చింది కనుక ఒక సంగతి చెప్పి ముందుకు పోతాము. స్టెంటు వేయించుకున్న తరువాత కలోంజీ గింజలు, అజ్వా ఖర్జూరాలు ఉన్నాయి కదా అని మాత్రలు మానేసేవారు తారసపడుతుంటారు. దానిని ఈమాన్ బలం అనుకుంటారు. సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి) ఛాతీ జబ్బు పడినప్పటి ఉల్లేఖనం అబూ దావూద్‌లో ఉంది. దాని సనదుపై హదీసు వేత్తల చర్చ ఉన్నది. అయినా అజ్వాను గురించి ఆ ఉల్లేఖనాన్నే చెప్పుకునేవారు, అందులోనే దైవప్రవక్త (స) ఆయనను హారిస్ బిన్ కలదా అనే వైద్యుని వద్దకు వెళ్ళమన్న భాగాన్ని ఎందుకు వదిలేస్తారో అర్థం కాదు. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మాత్రను వైద్యుని మాట లేకుండా ఆపితే స్టెంటులోనే గడ్డ ఏర్పడి ప్రాణాపాయం రావచ్చు. రమజాన్ ఉపవాసాల విషయం కూడా అంతే. రోగికి దివ్య ఖుర్ఆన్ స్వయంగా వెసులుబాటు ఇచ్చింది. షాబాన్ నెలలోనే వైద్యుని కలిసి, మాత్రలను సహరీ, ఇఫ్తార్ వేళలకు మార్చవచ్చునా అని అడగాలి. ఆయన వద్దంటే వాదించరాదు.

ఇఫ్తార్‌లో మిర్చీ, పకోడీ, సమోసా మూడూ ఉండేవి మా ఇంట. ఇప్పుడు ఉడికించి ఉల్లిగడ్డ, నిమ్మరసం కలిపిన శనగలు ప్రతిరోజూ, వేయించినది ఏదో ఒకటి వారానికి ఒకసారి. హలీం వండితే గోధుమరవ్వ, పప్పులు పెంచి, మాంసం తగ్గించి, పైన పోసే నెయ్యిని చెంచాతో కొలుస్తారు. బక్రీద్‌లో ఖుర్బానీ మాంసాన్ని మూడు వంతులు చేసి ఒకటి ఉంచుకుంటాము కదా, ఆ ఒక వంతులో నుండి కూడా ఇంకొంత పంచుతున్నాము. ఫ్రీజరు లేని ఇళ్ళు మా వీధిలోనే ఉన్నాయి.

ఫజర్ తరువాత కోమటి చెరువు కట్ట మీద అరగంట నడుస్తాము. సిద్దిపేటలో ఆ వేళకు సగం ఊరు అక్కడే ఉంటుంది. అక్కడ సాగే సంభాషణలలో సగం తిండి గురించే. షుగరు ఉన్నవారు, బైపాస్ అయినవారు ఒకరికొకరు వంటలు చెప్పుకుంటారు. మా దాల్చాను గురించి నలుగురు అడిగారు. పాఠకుల కోసం ఇక్కడ వ్రాస్తున్నాము.

పావు కిలో ఎముకలున్న మాంసాన్ని కొవ్వు తీసివేసి, అల్లంవెల్లుల్లి, పసుపు వేసి ముందు రోజు రాత్రే ఉడికించాలి. చల్లారిన తరువాత రసంతో సహా ఫ్రిజ్‌లో పెట్టాలి. తెల్లవారేసరికి కొవ్వు పైకి తేలి తెల్లని పలకలాగా గడ్డకడుతుంది. దానిని చెంచాతో ఎత్తి పారేయాలి. ఆ పలకను ఒకసారి కళ్ళతో చూసినవారికి మరి చెప్పవలసిన పని ఉండదు. శనగపప్పు ఒక గ్లాసు విడిగా మెత్తగా ఉడికించుకోవాలి. మందపు గిన్నెలో రెండు చెంచాల పల్లినూనె వేసి జీలకర్ర, రెండు లవంగాలు, ఉల్లిగడ్డ, కరివేపాకు మగ్గించి, మాంసం, రసం, పప్పు కలపాలి. లేత సొరకాయను వేలెడు ముక్కలుగా, ధారాళంగా వేయాలి. ముక్క మెత్తబడిన తరువాత చింతపండు రసం పోసి మరికొంత సేపు మరగనివ్వాలి. ఉప్పు చివరన, సగమే. దించేముందు కొత్తిమీర, పుదీనా.

పిల్లలు సొరకాయ ముక్కలను పక్కకు నెట్టి మాంసం ఏరుకోవడం ప్రతి ఇంట్లో ఉన్నదే. అనస్ (రజి) చిన్నతనంలో ఒక దర్జీ ఇంటి విందులో దైవప్రవక్త (స) వెంట ఉన్నారు. బార్లీ రొట్టె, ఎండుమాంసంతో వండిన పులుసు వడ్డించారు. దైవప్రవక్త (స) పళ్ళెం అంచుల వెంట సొరకాయ ముక్కలను వెతికి వెతికి తీసుకోవడం ఆయన చూశారు. ఆనాటి నుండి తనకు సొరకాయ ఇష్టమైపోయిందని ఆయన తెలిపారు. మా ఇంటి చిన్నవాడికి ఈ సంఘటన చెప్పాము. ఇప్పుడు జుమా రోజు దాల్చాలో సొరకాయ ముక్కల కోసం మాతో పోటీకి వస్తున్నాడు.